ముగ్గురు వెనక, ముగ్గురు ముందు

పోయినవారం మనం ఆపిన చోట సగం ఆట ముగిసింది. రేవు జట్టు ఒక గోలు ముందుంది. బస్సు డిపోలో పనిచేసే పదకొండుమంది ఆడవాళ్ళు తలలు వంచుకుని, మైదానం చివరనున్న టైర్ల గోడౌను వైపు నడుస్తున్నారు.

రేవు జట్టుకి ఈ ఆట డ్రా అయినా చాలు, పై డివిజన్‌కి వెళ్ళిపోతుంది. డిపో జట్టు గెలిచి తీరాలి. పై డివిజన్‌లో ఆడే జట్టుకి సొంత మైదానం ఉండాలన్నది లీగు రూలు. గెలిస్తే ఆ రూలే డిపో వెనకున్న ఈ మైదానాన్ని కాపాడుతుంది. గెలవకపోతే వచ్చేనెల నుంచి ఇక్కడ కొత్త బస్సులు నిలబెడతారు. కాగితాలన్నీ తయారు, మేనేజరు సంతకం ఒక్కటే తరువాయి.

ఇంకో సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. డిపో జట్టు కోచ్ అక్కడి వర్క్‌షాపులో హెడ్ మెకానిక్. జట్టంతా ఆమెని పెద్దక్క అంటారు. రేవు జట్టు కోచ్ ఆమె భర్త. రేవులో క్రేన్ నడుపుతాడు. ఆరేళ్ళపాటు డిపో ఆడవాళ్ళకి ఆట నేర్పినవాడు ఆయనే. ఏ సంస్థ జట్టుకి ఆ సంస్థ ఉద్యోగే కోచ్‌గా ఉండాలని ఈ ఏడు లీగు వాళ్ళు కొత్త నిబంధన పెట్టారు. దాంతో ఆయన రేవుకి వెళ్ళక తప్పలేదు. ఆమె స్పానర్ పక్కన పెట్టి విజిల్ మెడలో వేసుకోక తప్పలేదు.

ఆ పొద్దున భార్యాభర్తలిద్దరూ ఒకే అద్దంలో తల దువ్వుకుని, ఒకే బస్సెక్కి వచ్చి, చెరో గేటులోంచి మైదానంలోకి వెళ్ళారు. వాళ్ళ వెనక సీట్లో కూర్చుని నవ్వాపుకుంటూ వచ్చిన మనిషి ఆయన చెల్లెలు. అదే ఇంట్లో ఉంటుంది. డిపోలో కండక్టరు, జట్టులో సెంటర్ ఫార్వర్డ్. పేరు పెట్టి ఆమెనెవరూ పిలవరు. అందరికీ ఆమె హోల్డాన్. ఉద్యోగమేమో 'హోల్డాన్' అని అరిచి బస్సుని ఆపమనడం, కాళ్ళేమో ఎక్కడా ఆగవు.

ఇప్పుడా హోల్డాన్ టైర్ల దొంతర మీద కూర్చుని, మంచినీళ్ళ సీసా చేతిలో పట్టుకుని, తాగకుండా వదినకేసి చూస్తోంది.

గోడౌన్లో రబ్బరు వాసన ముక్కు పగలగొడుతోంది. పెద్దక్క తలుపు దగ్గరే నిలబడి మాట్లాడింది.

"రెండో సగం కూడా ఇదే పద్ధతి. వెనక అయిదుగురూ కదలొద్దు. ఇంకో గోలు పడకుండా చూసుకోండి. వాళ్ళు ఎలాగూ అలిసిపోతారు. చివరి పది నిమిషాల్లో ఏదో ఒకటి చేద్దాం."

"ఏదో ఒకటి అంటే ఏంటి వదినా?" అంది హోల్డాన్.

"ముందు నీళ్ళు తాగు."

"తాగుతాలే. ఇంతసేపట్లో నా కాలికి బంతి నాలుగంటే నాలుగుసార్లు తగిలింది. వాళ్ళు నలుగురు చుట్టూ ఉన్నారు, నేనొక్కదాన్నీ పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు కూర్చున్నా. మనవాళ్ళు ఒక్కరు నా దగ్గరికి రారు. రావద్దన్నది నువ్వే."

"రావద్దన్నాను కాబట్టే ఒక్క గోలుతో పోయింది. లేకపోతే నాలుగు పడేవి."

వెనక నడుమ స్టాపర్‌గా ఆడే టైర్ల సెక్షన్ ఆమె, జట్టులో గోడ అంటారు ఆమెని, షూ లేసు విప్పి మళ్ళీ కట్టుకుంటూ నెమ్మదిగా అంది.

"చెప్పెయ్యవే. ఇంకెప్పుడు చెప్తావు."

పెద్దక్క ఇద్దరి మొహాలూ చూసింది. "ఏం చెప్పాలి?"

హోల్డాన్ సీసా కింద పెట్టి లేచింది. "మేం ఇంకో ఆట నేర్చుకున్నాం వదినా. రెండు నెలలైంది. రోజూ పొద్దున అయిదున్నరకి, బస్సులు వెళ్ళిపోయాక, వాషింగ్ యార్డులో."

"నా వెనకాలా?"

"వెనకాల కాదు పెద్దక్కా, నువ్వు రాకముందు" అంది కుడివైపు ఆడే టికెట్ కౌంటరు గుమాస్తా. రోజూ పది మైళ్ళు సైకిలు తొక్కుకుంటూ వస్తుంది కనక ఆమె పేరు సైకిల్. ఇంకో రోజైతే ఆ మాటకి అందరూ నవ్వేవాళ్ళు.

పెద్దక్క మొహం ఎర్రబడింది. పదకొండుమందీ, ఒక్కరు కూడా తప్పకుండా, రెండు నెలలు నోరు మూసుకున్నారు. తన ఇంట్లో, తన చేత్తో పోసిన టీ తాగుతూ ఆడపడుచు కూడా మూసుకుంది. తిట్టాలని నోటిదాకా వచ్చింది. చేతి గడియారం చూసుకుంది. రెండో సగానికి తొమ్మిది నిమిషాలుంది.

"చూపించు" అంది.

మూలనున్న డబ్బాలోంచి హోల్డాన్ గుప్పెడు వీల్ నట్లు తీసి బెంచీ మీద పోసింది. గోల్‌కీపర్‌ని ఒక చివర పెట్టి, మిగతా పదీ చకచకా పేర్చింది.

"వెనక ముగ్గురు. మధ్యలో నలుగురు. ముందు ముగ్గురు. కుడి గీత మీద సైకిల్, ఎడమ గీత మీద సూది, నడుమ నేను."

సూది బస్సు సీట్లకి కవర్లు కుట్టే మనిషి. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఎక్కడ చిన్న సందు కనబడినా దూరిపోతుంది.

"వీళ్ళిద్దరి షూలకీ గీత సున్నం అంటుకోవాలి. అంత పక్కకి నిలబడాలి. బంతి వచ్చినా రాకపోయినా లోపలికి రాకూడదు."

"బంతి రాకపోతే అక్కడ నిలబడి ఏం చేస్తారు?"

"నిలబడ్డమే వాళ్ళ పని. వాళ్ళని కాపలా కాయడానికి రేవు డిఫెండర్లిద్దరూ పక్కలకి జరగాలి. జరిగితే వాళ్ళకీ నడిమి వాళ్ళకీ మధ్య సందు పడుతుంది. అప్పుడు నేను వెనక్కి వస్తా."

"ఫార్వర్డ్‌వి నువ్వు వెనక్కి రావడమేంటి?"

"నేను వెనక్కి వస్తే వాళ్ళ స్టాపర్ నా వెంటే రావాలి. రాకపోతే బంతి తీసుకుని తిరిగి, ఎదర ఎవరూ లేకుండా పరిగెత్తుతా. వస్తే, ఆవిడ వదిలొచ్చిన చోటు ఖాళీ. ఆ ఖాళీలోకి సూది అడ్డంగా కోసుకుంటూ వెళ్తుంది."

"ఆవిడ మడమ లేపిన క్షణానికి బంతి నా కాలు దాటి ఉంటుంది" అంది డిపో టైంకీపరు. మధ్యలో ఆడుతుంది. బస్సు అరనిమిషం ఆలస్యమైనా ఊరుకోని మనిషి, బంతిని ఆలస్యం చేస్తుందా.

పెద్దక్క బెంచీ మీదకి వంగింది. విప్పిన ఇంజను ముందు వంగినట్టే వంగింది. ఏ నట్టు కదిలితే ఏది కదులుతుందో వేలితో ఒకదాని తర్వాత ఒకటి తాకుతూ పోయింది. ఆమెకి తెలియకుండానే చూపు మారింది. ఇది అల్లరి కాదు. ఎవరో కూర్చుని, ఒక్కొక్క గేరు పన్నూ ఒరుసుకోకుండా చూసి కట్టిన యంత్రం. ఆ వేలు వెనక ముగ్గురి దగ్గరికి వచ్చి, అటూ ఇటూ ఉన్న రెండు ఖాళీ మూలల మీద ఆగింది.

"ఇక్కడ ఎవరు? ఇక్కడ?"

"ఎవరూ లేరు."

"అంటే, వాళ్ళు బంతి ఇక్కడికి కొడితే?"

"అందుకే కొట్టనివ్వకూడదు. మన కాలినుంచి బంతి పోగానే దగ్గరున్న ముగ్గురు మీదపడిపోవాలి. ఆరు అంకెలు లెక్కపెట్టేలోగా లాక్కోవాలి. తలెత్తి చూసే టైమే ఇవ్వం."

"ఎవరు నేర్పారు నీకిది?"

హోల్డాన్ నట్లవైపు చూస్తూ నిలబడింది. గోడౌను బయట రేవువాళ్ళ పాట వినబడుతోంది.

"అన్నయ్య" అంది.

పెద్దక్క వేలు బెంచీ మీద నుంచి లేచింది.

"పోయినేడు ఎండాకాలం, ఓ ఆదివారం మధ్యాహ్నం. ఏదో బస్సు దారిలో ఆగిపోయిందని నువ్వు డిపోకి పరిగెత్తావు చూడు, ఆ రోజు. భోజనాల బల్ల మీద బట్టల క్లిప్పులు పరిచి సాయంత్రం దాకా చెప్పాడు. నాలుగేళ్ళ నుంచి కడుతున్నానే దీన్ని, వచ్చే ఏడు మీచేత ఆడిస్తా అన్నాడు. తర్వాత ఆ కొత్త రూలొచ్చి పడింది. రేవుకి వెళ్ళేముందు అడిగా, వాళ్ళకి నేర్పుతావా అని. అది మీ కోసం కట్టింది, ఇంకొకరికి ఇవ్వను అన్నాడు. ఇవ్వలేదు కూడా. మేం ఆడుతున్నామని మాత్రం ఆయనకి తెలీదు."

"నాకెందుకు చెప్పలేదు మీ అన్నయ్య?"

"చెప్తే ఆ రెండు మూలలూ చూపిస్తావని."

ఈసారి సైకిల్ నవ్వింది. తర్వాత గోడ. పెద్దక్క పెదవులు బిగించింది గానీ, అవి మాట వినలేదు.

నవ్వు ఆగాక ఆమె అంది. "అయితే ఇది ఆయనకి పది నిమిషాల్లో తెలిసిపోతుంది. మూలలు ఎక్కడున్నాయో నాకంటే ఆయనకే బాగా తెలుసు."

"పది నిమిషాల్లో ఒకటి కొడతాం" అంది హోల్డాన్.

"తర్వాత? మీరంతా ముందుకెళ్ళిపోతే వెనకున్నవాళ్ళ గతేంటి? పదకొండేళ్ళ కిందట నేనాడిన జట్టు ఇలాగే అందరూ గోలుకోసం పరిగెత్తింది. వెనక నేనొక్కదాన్నే. ఎదురుగా ముగ్గురు. ఆ రోజు మోకాలు పోయింది, ఆట పోయింది. ఒంటరిగా నిలబడ్డం ఎలా ఉంటుందో మీకు తెలీదు."

గోడ లేసు ముడి బిగించి నిలబడింది. నిలబడితే గోడౌను తలుపంత ఉంటుంది. "ఇవాళ వెనకుండేది నేను పెద్దక్కా. నాకు భయం లేదు." నిజం చెప్పడం మంచిదనుకున్నట్టు, "ఉందిలే. కానీ చేతులు కట్టుకుని ఓడిపోవాలంటే ఉన్నంత లేదు" అంది.

రెఫరీ తలుపు మీద కొట్టింది.

పెద్దక్క బెంచీ దగ్గరికి వెళ్ళి, వెనకున్న మూడు నట్లనీ తీసి జానెడు ముందుకి, దాదాపు మైదానం మధ్యగీత దాకా జరిపింది.

"మీ అన్నయ్య మిమ్మల్ని కట్టాడు గానీ, వీళ్ళని ఎక్కడ పెట్టాలో సరిగ్గా చూసుకోలేదు. మీరు ముందుకెళ్ళి వీళ్ళు వెనకే ఉంటే మధ్యలో వాళ్ళకి రోడ్డు వేసిచ్చినట్టే. గొలుసు వదులైతే పళ్ళ మీంచి జారిపోతుంది. మీరు ఎంత ముందుకెళ్తే వీళ్ళూ అంత ముందుకి. అర్థమైందా?"

"అంటే ఆడమన్నట్టేనా వదినా?"

"ఇంకా ఇక్కడే ఉన్నావేంటి?" అంది పెద్దక్క.

*

మొదటి మూడు నిమిషాలూ ఏదీ కుదరలేదు. యార్డు సిమెంటు మీద నేర్చుకున్న ఆట గడ్డి మీద తడబడింది. టైంకీపరు పాసు రెండుసార్లు గీత దాటింది. రేవు అభిమానులు నవ్వారు. డిపో వాళ్ళు, యూనిఫారాలతోనే వచ్చి ప్రహరీ ఎక్కి కూర్చున్నవాళ్ళు, ఏం జరుగుతోందో తెలియక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

నాలుగో నిమిషంలో రేవు స్టాపర్ కాలికి బంతి దొరికింది. ఎప్పట్లాగే తీరిగ్గా తల ఎత్తింది. ఎత్తేసరికి ముగ్గురు మీదున్నారు. కంగారుగా బయటికి తన్నేసింది. ఇంకో నిమిషానికి మళ్ళీ అదే. రేవువాళ్ళు పాసు ఇచ్చిన ప్రతిచోటా డిపో చొక్కాలు రెండో మూడో ముందే ఉన్నాయి. ప్రహరీ మీద కూర్చున్న డ్రైవర్లు లేచి నిలబడ్డారు.

సైకిల్ గీత మీదే ఉంది. షూ సగం తెల్లబడింది. ఆమెని చూసుకునే డిఫెండరు అటు జరిగింది, మరికాస్త జరిగింది. అటువైపు సూదిని చూసుకునే ఆమె కూడా అంతే. నాలుగు తలుపులు దగ్గరగా వేసినట్టున్న రేవు వెనక వరసలో ఇప్పుడు సందులు కనబడుతున్నాయి.

తొమ్మిదో నిమిషం. హోల్డాన్ గోలుకి వీపు చూపించి, బంతి కోసం వెనక్కి నడిచింది. పరుగు కూడా కాదు, బస్సులో సీట్ల మధ్య నడిచినట్టే నడిచింది. రేవు స్టాపర్ రెండడుగులు ఆమె వెంట వచ్చింది, ఆగింది, మళ్ళీ మూడో అడుగు వేసింది. ఆ మడమ లేవడం టైంకీపరు చూసింది. బంతి హోల్డాన్‌కి రాలేదు. హోల్డాన్ పక్కనుంచి, స్టాపర్ వదిలిన ఖాళీలోకి, నేలబారుగా జారింది. ఎడమ గీత మీద నుంచి సూది అప్పటికే బయల్దేరింది. రెండు చొక్కాల మధ్య నుంచి దూరి, ఒక్కసారి తాకి, రెండోసారి కొట్టింది. వల కదిలింది.

ఒకటి, ఒకటి.

ప్రహరీ మీద నుంచి ఇద్దరు డ్రైవర్లు ఇవతలికి పడ్డారు. హోల్డాన్‌ని ఎవరో ఎత్తుకున్నారు, సూదిని ముగ్గురు ఎత్తుకున్నారు. పెద్దక్క మాత్రం అటు చూడలేదు. ఆమె ఎదుటి బెంచీ వైపు చూసింది.

ఆయన లేచి నిలబడి ఉన్నాడు. తన జట్టు గోలు తిన్న ఆ క్షణాన ఆయన రెండు చేతులూ చప్పట్లకి లేచి, మధ్యలో ఆగిపోయాయి. నాలుగేళ్ళు మనసులో తిప్పుకున్న ఆట మొదటిసారి కళ్ళముందు నడిచింది. పక్కనున్న రేవు ఆటగత్తె వింతగా చూసేసరికి చేతులు దించి జేబుల్లో పెట్టుకున్నాడు. తర్వాత మైదానం మీదుగా భార్యవైపు చూశాడు. ఆమె తల తిప్పుకుంది.

గోలు పడ్డాక ఆయనకి పది నిమిషాలు పట్టలేదు, అయిదే పట్టింది. ఆయన తన జట్టులో అందరికన్నా వేగంగా పరిగెత్తే మనిషిని, సరుకు తూకం వేసే గుమాస్తాని, పక్కగీతకి పంపించాడు. సరిగ్గా సైకిల్ వెనకనున్న మూలకి. తూకం గుమాస్తా చేసే పనల్లా డిపో వెనక ముగ్గురి వరసలో నిలబడి, బంతి లేవగానే ఆ మూలకి పరిగెత్తడమే.

మొదటి బంతి ఆ మూలకి వచ్చినప్పుడు గోడ ఎంత పరిగెత్తినా అందుకోలేకపోయింది. తూకం గుమాస్తా కొట్టిన దెబ్బ స్తంభానికి తగిలి బయటికి పోయింది. రెండోదాన్ని గోల్‌కీపర్ వేళ్ళ కొసలతో తోసేసింది. ప్రహరీ మీది డ్రైవర్ల గొంతులు పడిపోయాయి.

ఒకమ్మాయికి కాలు పట్టేసి ఆట ఆగితే హోల్డాన్ నీళ్ళకోసం గీత దగ్గరికి వచ్చింది. ఈసారి సీసా ఎత్తి గటగటా తాగింది.

"మధ్యలో నలుగురినీ వెనక్కి లాగేస్తావా?" అంది, తుడుచుకుంటూ. అడిగిన గొంతులో వద్దని ఉంది.

లాగెయ్యమనే పెద్దక్క ఒళ్ళంతా చెబుతోంది. వెనక్కి లాగితే మూలలు మూసుకుంటాయి. ఆట డ్రా అవుతుంది. మైదానం పోతుంది.

"వద్దు. మీరు మీ పని చూసుకోండి. గోడని ఇటు రమ్మను."

గోడ రొప్పుతూ వచ్చింది. "అందడం లేదక్కా. అదేం కాళ్ళో ఏమో."

"అందదు. ఇంకెప్పుడూ ఆమె వెంట పరిగెత్తకు. వాళ్ళు బంతి తన్నబోతున్నారని తెలియగానే చెయ్యెత్తు. మీరు ముగ్గురూ ఒకేసారి ముందుకి అడుగెయ్యండి."

"ముందుకా? ఆమె మా గోలు వైపు పరిగెడుతుంటే మేం అటువైపా?"

"ఆమెని వదిలేసి రండి. బంతి తన్నే క్షణానికి మీ ముగ్గురినీ దాటి మన గోలువైపు నిలబడి ఉంటే ఆ బంతి ఆమెకి చెల్లదు. ఆఫ్‌సైడ్. జెండా లేస్తుంది."

"ఒక్కళ్ళం అడుగు ఆలస్యం చేస్తే?"

"గోలు."

గోడ పెద్దగా ఊపిరి పీల్చి వదిలింది. "బాగుంది" అని వెనక్కి పరిగెత్తింది.

ఆట మళ్ళీ మొదలైన రెండు నిమిషాలకే పొడుగు బంతి లేచింది. గోడ చెయ్యి కూడా లేచింది. ముగ్గురూ ఒక్క మనిషిలా అడుగు ముందుకి వేశారు. తూకం గుమాస్తా ఒంటరిగా బంతి వెంట పరిగెత్తింది, గోల్‌కీపర్‌ని దాటించింది, వలలోకి కొట్టింది, చేతులు చాచి తిరిగింది. గీత పక్కన జెండా నిలువుగా నిలబడి ఉంది. గోలు లేదు.

ప్రహరీ మీద మళ్ళీ కేకలు లేచాయి. ఇంకో ఆరు నిమిషాలకి అదే బంతి, అదే చెయ్యి, అదే అడుగు, అదే జెండా. ఎదుటి బెంచీ దగ్గర ఆయన తల గోక్కున్నాడు. ఇది ఆయన క్లిప్పులు పరిచి కట్టిన ఆటలో లేదు. ఎక్కడిదో ఆయనకి అర్థమైంది. మైదానం మీదుగా మళ్ళీ భార్యవైపు చూశాడు. ఈసారి ఆమె తల తిప్పుకోలేదు.

ఇక డిపో జట్టుకి అడ్డు లేకపోయింది. వెనక తాళం పడిందన్న ధైర్యంతో మధ్యలో నలుగురూ ముందుకి దూకారు. సైకిల్ మొదటిసారి గీత వదిలి లోపలికి కోసుకొచ్చి కొట్టిన బంతి అడ్డుకర్రకి తగిలి మోగింది. వెంటనే సూది, వెంటనే హోల్డాన్. రేవు గోల్‌కీపర్ పడింది, లేచింది, మళ్ళీ పడింది. మూడు కార్నర్లు వరసగా వచ్చాయి. మొత్తం తొంభై నిమిషాల ఆటలో ఎనభై ఎనిమిదో నిమిషం. ఇంకో గోలు ఇక్కడే ఎక్కడో ఉంది, అందబోతోంది, మైదానంలో అందరికీ అది తెలుస్తోంది. పెద్దక్క తనకి తెలియకుండానే గీత దాటి రెండడుగులు లోపలికి వెళ్ళి ఉంది. రెఫరీ చెయ్యి ఊపి వెనక్కి పొమ్మంది.

అప్పుడు టైంకీపరు కాలి దగ్గర బంతి ఒక్క జానెడు పక్కకి జారింది. రేవు మనిషి ఒకామె దాన్ని అందుకుంది. ముగ్గురు మీదపడేలోగానే, తలెత్తకుండానే, అలవాటైన మూలకి బలంగా తన్నింది.

గోడ చెయ్యి లేచింది. గోడ అడుగు వేసింది. పక్కనున్న ఆమె కూడా వేసింది. తూకం గుమాస్తా వాళ్ళని దాటి, ఒంటరిగా, ఖాళీ మైదానంలోకి దూసుకుపోయింది. గోడ చెయ్యెత్తే నిలబడి, జెండా కోసం తల తిప్పింది.

జెండా లేవలేదు.

పెద్దక్క చూపు జెండా మీద నుంచి అవతలి గీత వైపుకి పరిగెత్తింది. వెనక ముగ్గురిలో మూడో ఆమె అక్కడ, అందరికన్నా వెనకగా, కాలు మడతపడి, చీలమండ రెండు చేతులా పట్టుకుని నేల మీద కూర్చుని ఉంది. ఆమె అడుగు వెయ్యలేదు. బంతి చెల్లుతుంది.

రెఫరీ విజిల్ వెయ్యలేదు. తూకం గుమాస్తాకి ఎదర గోల్‌కీపర్ తప్ప ఇంకెవరూ లేరు. గోల్‌కీపర్ గీత వదిలి ముందుకి పరిగెత్తింది.